నెలకెన్ని కిలోమీటర్లు?

పోయిన కార్తీకంలో మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, డీజిల్ డిజైర్ ఒకటి చేతికొచ్చేలా ఉంది. 2018 మోడల్, సింగిల్ ఓనర్. పెట్రోలుది కూడా ఉందట, డెబ్బై వేలు తక్కువకే. కానీ డీజిలే మేలంటున్నారు అందరూ. టోకెన్ ఇచ్చేయనా?"

"ఆగరా. నెలకెన్ని కిలోమీటర్లు తిరుగుతావ్?"

"ఎంత లేదన్నా రెండు వేలు."

వాడుండేది మియాపూర్‌లో. ఆఫీసు గచ్చిబౌలి. అందులోనూ వారానికి మూడు రోజులు ఇంట్లోంచే పని. నాకు అనుమానమొచ్చి, ఇప్పుడు వాడుతున్న పాత కారు సర్వీసు బిల్లులు చివరి రెండూ వాట్సాప్ చెయ్యమన్నాను. రెండు తేదీల మధ్య పదకొండు నెలలు. రెండు రీడింగుల మధ్య 6,480 కిలోమీటర్లు. నెలకు ఆరు వందలు కూడా లేవు. సంక్రాంతికి పాలకొల్లు వెళ్లొచ్చిన ఎనిమిది వందలు కూడా అందులోవే.

వాడు అబద్ధమాడాడని అనను. కారు కొనాలని కూర్చున్న మనిషికి హైవే కనిపిస్తుంది. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు, వెనక సీట్లో పిల్లలు, డిక్కీలో అరిసెల డబ్బాలు. జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర రెండో గేరులో గడిచే సాయంత్రాలు కనిపించవు. అప్పుడు మనసు చెప్పే అంకె రెండు వేలు, మీటరు చెప్పేది ఆరు వందలు. డీజిలా పెట్రోలా అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ రెండు అంకెల మధ్య దూరంలోనే ఉంది. ఇంజను సంగతి ఆ తర్వాత.

ఇంత ధీమాగా చెప్పడానికి కారణం, ఇదే తప్పు నేను 2013లో చేసి ఉండటం.

అప్పుడు నేనూ నాలుగు మీటర్ల సెడానే కొన్నాను. షోరూములో కుర్రాడు ఉన్నమాటే చెప్పాడు. "పెట్రోలైతే వారంలో డెలివరీ సార్, డిస్కౌంటు కూడా ఉంది. డీజిలైతే నాలుగు నెలలు ఆగాలి. లక్ష ఎక్కువ." జనం మూగిన టిఫిన్ బండి దగ్గరే మనమూ ఆగుతాం కదా. నాలుగు నెలలు ఆగాను. మొదటి రోజు నుంచీ డ్యాష్‌బోర్డు అరలో ఓ అట్ట పుస్తకం పెట్టి, పోయించిన ప్రతి లీటరూ రాశాను. 2021లో బండి అమ్మేసిన రోజు ఆ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఎనిమిదేళ్లలో తిరిగింది 71,400 కిలోమీటర్లు. అదే దూరం పెట్రోలు బండిలో తిరిగి ఉంటే ఖర్చు ఎంతయ్యేదో ఏ ఏటి ధరలకు ఆ ఏడు లెక్కేస్తే, డీజిల్ నాకు మిగిల్చింది దాదాపు లక్షా నలభై మూడు వేలు.

సంతోషమే. కానీ మొదట్లో ఎక్కువ పెట్టిన లక్ష ఒంటరిగా రాలేదు. లైఫ్ ట్యాక్స్ ధర మీద శాతం కాబట్టి లక్షకు ఇంకో పన్నెండు వేలు తోడయ్యాయి. అదంతా లోనులోకి వెళ్లింది, ఐదేళ్లు వడ్డీ కట్టాను. అన్నీ కలిపితే లక్షా నలభై ఐదు వేలు. ఎనిమిదేళ్ల పొదుపు, ఎనిమిదేళ్ల అదనపు ఖర్చు అక్కడికక్కడికి సరి. పైగా ఆరో ఏట టర్బో పోయి ముప్పై ఒక్క వేలు వదిలింది. అమ్మేటప్పుడు డీజిల్ అన్నందుకు ఇరవై వేలు ఎక్కువొచ్చాయి, దాచడమెందుకు. అయినా మా ఆవిడ ఆ పుస్తకం మొత్తం చదివి, "రాసుకోవడానికి పెట్టిన పెన్నుల ఖర్చు కలపలేదు" అంది.

తోక కోసిన సెడాన్

డిక్కీ ఉన్న చిన్న కారు మన దేశంలో పుట్టిన తీరు విచిత్రం. 2006 బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16కు తగ్గించారు. చిన్న కారంటే ఏమిటో కొలత కూడా ఇచ్చారు: పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు, పెట్రోలు ఇంజనైతే 1200 సీసీ లోపు, డీజిలైతే 1500 సీసీ లోపు. ఇంకేం, కంపెనీలు టేపు పట్టుకున్నాయి. 2008లో టాటా ఇండిగో సీఎస్ వచ్చింది, తోక కత్తిరించిన ఇండిగో అది. అదే ఏడాది వచ్చిన మొదటి స్విఫ్ట్ డిజైర్ పొడవు 4,160 మిల్లీమీటర్లు. 2012లో రెండో తరం వచ్చేసరికి 3,995. పన్ను గీతకు ఐదు మిల్లీమీటర్లు ఇవతల ఆగింది. కోత పడింది డిక్కీకే, 440 లీటర్ల చోటు 316కు దిగింది. ఎయిర్‌పోర్టుకు అమెరికా సూట్‌కేసులతో బయల్దేరే తెలుగు కుటుంబానికి ఆ 124 లీటర్ల విలువ తెలుస్తుంది.

ఆ కొలతలో ఇంకో చిక్కు ఉంది. పెట్రోలుకు 1200, డీజిలుకు 1500 అనడంతో, అదే డొక్కు లోపల డీజిలుకు పెద్ద గుండె పెట్టుకునే వీలు దొరికింది. ఏళ్ల తరబడి పెట్రోలు ఇంజన్లనే నమ్ముకున్న హోండా సైతం ఇక్కడి గిరాకీ చూసి 2013లో అమేజ్ కోసం 1.5 లీటర్ల డీజిల్ ఇంజను తెచ్చింది. మారుతి వాడినది ఫియట్ వారి 1.3 మల్టీజెట్, 1,248 సీసీ. స్విఫ్ట్‌లో అదే, డిజైర్‌లో అదే, ఇండికా విస్టాలో, పుంటోలో అదే. సరదాగా దాన్ని జాతీయ ఇంజను అనేవారు. 2012 జనవరిలో మారుతి, తన ఫ్యాక్టరీలో చేసేవి చాలక, ఏటా లక్ష ఇంజన్లు ఇవ్వమని ఫియట్‌తో ఒప్పందం చేసుకుంది.

డెబ్బై మూడు, నలభై ఒకటి

అంత ఎగబడటానికి ఇంజను గొప్పతనం కంటే బంకు బోర్డు మీది అంకెలే కారణం. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద ప్రభుత్వం చెయ్యి తీసేసింది. డీజిల్ మీద తియ్యలేదు. లారీలు, ఆర్టీసీ బస్సులు, రైతు ట్రాక్టర్లు, ఇంజన్ మోటార్లు దాని మీదే నడుస్తాయి కాబట్టి ధర పెంచితే కూరగాయల నుంచి బస్సు టిక్కెట్టు దాకా అన్నీ పెరుగుతాయని భయం. 2012 మే 23 అర్ధరాత్రి నుంచి పెట్రోలు మీద ఒక్క దెబ్బలో 7 రూపాయల 54 పైసలు పెంచారు. ఢిల్లీలో లీటరు 73 రూపాయల 18 పైసలు. ఆ రోజు అక్కడే డీజిల్ నలభై ఒకటి లోపు. మన దగ్గర వ్యాట్ కలిసి పెట్రోలు ఇంకా పైనే ఉండేది.

లీటరుకు ముప్పై రెండు రూపాయల తేడా ఉన్నప్పుడు ఏ లెక్కల మాస్టారైనా డీజిలే కొనమంటాడు. ఆ రోజుల్లో దేశంలో అమ్ముడయ్యే కార్లలో సగానికి పైగా డీజిలువే. రైతు పేరు చెప్పి ఇచ్చిన రాయితీని కూకట్‌పల్లి అపార్టుమెంటు సెల్లార్లో పార్కు చేసుకున్నాం. 2010లోనే కిరీట్ పారిఖ్ కమిటీ ఈ సంగతి పసిగట్టి, డీజిల్ కారుకు 80,000 రూపాయల అదనపు సుంకం వెయ్యమని సూచించింది. ఎవరూ వెయ్యలేదు. వేసుంటే నా అట్ట పుస్తకం రాయాల్సిన పనే ఉండేది కాదు.

ఆ తేడా ఎక్కువకాలం నిలవలేదు. 2013 జనవరి నుంచి నెలకు అర్ధరూపాయి చొప్పున డీజిల్ పెంచుతూ పోయారు. ముడిచమురు పడిపోవడంతో 2014 అక్టోబరు 18న పూర్తిగా వదిలేశారు. నేను నాలుగు నెలలు ఎదురుచూసి కొన్న బండికి పునాది లాంటి ఆ ధరల తేడా, మొదటి సర్వీసు నుంచే నెలకింత చొప్పున కరగడం మొదలుపెట్టిందన్నమాట. 2020 జూన్ 24న ఢిల్లీలో డీజిల్ 79 రూపాయల 88 పైసలు, పెట్రోలు 79 రూపాయల 76 పైసలు. దేశ రాజధానిలో మొదటిసారి తమ్ముడు అన్నను దాటేశాడు. అప్పటికి ఇంకో దెబ్బ కూడా పడింది. అదే ఏడాది ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలొచ్చాయి.

తిరక్కపోతే రోగం

నిబంధన సంగతి చెప్పాలంటే ముందు ఇంజను సంగతి రెండు ముక్కల్లో. పెట్రోలు ఇంజను గాలినీ ఇంధనాన్నీ కలిపి పది పదకొండు రెట్లు నొక్కి, ప్లగ్గుతో నిప్పంటిస్తుంది. డీజిల్‌లో ప్లగ్గు నిప్పు లేదు. ఒట్టి గాలినే పదహారు పదిహేడు రెట్లు నొక్కుతుంది. ఆ వేడికి, పిచికారీ అయిన డీజిల్ దానంతటదే మండుతుంది. అంత నొక్కుడుకు తట్టుకోవాలంటే ఇనుము దిట్టంగా ఉండాలి, అందుకే బరువు, అందుకే ధర. లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోలు కంటే పది శాతానికి పైగా ఎక్కువ శక్తి ఉంటుంది, నొక్కుడు ఎక్కువ కాబట్టి దాన్ని వాడుకోవడంలో పొదుపూ ఎక్కువే. 2017 డిజైర్‌లో పెట్రోలుకు కంపెనీ చెప్పిన మైలేజీ 22, డీజిలుకు 28.4. రోడ్డు మీద రెండూ అంత రావు, తేడా మాత్రం నిజమే.

నడిపితే ఇంకో తేడా తెలుస్తుంది. ఆ డీజిల్ ఇంజను 2,000 ఆర్‌పీఎం దగ్గరే 190 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేది. పెట్రోలుది 4,200 దగ్గర 113. మామూలు మాటల్లో చెప్పాలంటే, ఐదుగురు ఎక్కి, ఏసీ వేసి, ముందు గడ్డి లారీ ఉన్నప్పుడు డీజిల్‌లో కాలు నొక్కితే చాలు. పెట్రోలులో గేరు దించాలి, ఇంజను అరవాలి. అయితే సిటీలో ఇదే తిరగబడుతుంది. 2,000 కిందుంటే టర్బో మేలుకోదు. స్పీడ్ బ్రేకర్ దిగాక బండి ఒక క్షణం ఆలోచిస్తుంది, తర్వాత ఒక్కసారి దూకుతుంది. ఆ క్షణాన్ని కప్పిపుచ్చడానికి క్లచ్ మీద కాలు పెట్టి నెట్టుకొస్తాం. క్లచ్ ప్లేట్లు పోయేది అక్కడే.

ఇప్పుడు బీఎస్-6. డీజిల్ కారు పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు కిలోమీటరుకు 250 మిల్లీగ్రాములు ఉండొచ్చన్న బీఎస్-4 హద్దును 80కి దించింది. నుసి హద్దు 25 నుంచి నాలుగున్నరకు పడింది. దానికోసం సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టరు పెట్టాల్సి వచ్చింది. డీపీఎఫ్ అంటారు. అది నిండాక దాదాపు 600 డిగ్రీల వేడికి తెచ్చి లోపలి మసిని కాల్చేసుకోవాలి. అంత వేడి రావాలంటే బండి కాసేపు ఆగకుండా ఒకే ఊపులో పరుగెత్తాలి. రోజూ స్కూలు దాకా, కూరల మార్కెట్ దాకా వెళ్లొచ్చే బండికి ఆ యోగం ఉండదు. ఫిల్టరు నిండుతుంది, దీపం వెలుగుతుంది, మెకానిక్ "ఓసారి అవుటర్ మీద లాగించుకు రండి" అంటాడు. కారుకు వ్యాయామం చేయించడానికి శంషాబాద్ దాకా ఉత్తినే తిరిగొచ్చే వాళ్లను చూశాను.

చిన్న కార్లలో ఈ సరంజామా ఖర్చు గిట్టుబాటు కాదని 2019 ఏప్రిల్‌లోనే మారుతి ఛైర్మన్ ఆర్.సి. భార్గవ చెప్పేశారు. ఏడాది తిరిగేసరికి డీజిల్ డిజైర్ లేదు. ప్రయోగశాలలో కాకుండా రోడ్డు మీదే పొగ కొలిచే రెండో దశ 2023 ఏప్రిల్‌లో వచ్చింది, ఆ ఊపులో అమేజ్, ఆరా డీజిళ్లూ పోయాయి. నాలుగు మీటర్ల సెడాన్లలో ఇవాళ కొత్త డీజిల్ బండి ఒక్కటీ లేదు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గించి చిన్న పెట్రోలు కారుకూ చిన్న డీజిల్ కారుకూ ఒకే 18 శాతం అన్నారు. పన్ను సమానమైంది, కొనడానికి డీజిల్ సెడానే లేదు.

ట్రావెల్స్ వాళ్లు అప్పుడే సీఎన్‌జీకి మారారు. కొత్త డిజైర్ సీఎన్‌జీకి కిలోకు 33.73 కిలోమీటర్లని కంపెనీ లెక్క. సిలిండరు డిక్కీలో కూర్చుంటుంది. సూట్‌కేసులు మళ్లీ ఒళ్లో.

బానెట్ మీద అరచెయ్యి

కాబట్టి డీజిలా పెట్రోలా అన్న బేరం ఇవాళ షోరూములో జరగదు, సెకండ్ హ్యాండ్ యార్డులో జరుగుతుంది. మేనల్లుడితో నేనూ వెళ్లాను. మూసాపేట నుంచి తెలిసిన మేస్త్రీని తీసుకెళ్లాం. పొద్దున్న ఎనిమిది, చలి ఇంకా వదల్లేదు. ఆయన బండి చుట్టూ తిరగలేదు, పెయింటు చూడలేదు. సరాసరి వెళ్లి బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు.

"గరం ఉంది. ఎప్పుడు స్టార్ట్ చేసిన్రు?"

"లేదన్నా, ఎండకి" అన్నాడు యార్డు కుర్రాడు. బండి ఉన్నది రేకుల షెడ్డు కింద.

"రేపొస్తం. ముట్టకుండా ఉంచున్రి" అని మేస్త్రీ వెనక్కి తిరిగాడు. చల్లబడిన డీజిల్ ఇంజను మొదటిసారి ఎలా లేస్తుందన్నదే దాని జాతకమట. ముందే వేడి చేసి పెడితే ఏ ముసలి ఇంజనైనా పెళ్లికొడుకులా లేస్తుంది.

మర్నాడు తాళం తిప్పగానే సెల్ఫ్ కాస్త ఎక్కువసేపే తిరిగింది. తెల్లటి పొగ ఓ గుప్పెడు వచ్చి ఆగింది. ఇంజను నడుస్తుండగానే మేస్త్రీ ఆయిల్ పోసే మూత విప్పి, దాని మూతి మీద బోర్లించి వదిలాడు. మూత టకటకా ఎగిరింది. కింది నుంచి ఆవిరి తన్నుకొస్తోంది. పిస్టన్ల దగ్గర బిగువు తగ్గిందనడానికి అదో గుర్తు. తర్వాత టర్బోకు వెళ్లే గొట్టం వదులు చేసి వేలు పెట్టి చూపించాడు, నల్లటి ఆయిల్. చివరగా డ్రైవరు తలుపు తీసి వంగి క్లచ్ పెడల్ చూశాడు. రబ్బరు అరిగి నున్నగా, ఓ మూల ఇనుము మెరుస్తోంది. మీటరేమో 58,000 చూపిస్తోంది. డ్యాష్‌బోర్డు మీద ఫోన్ స్టాండు అంటించిన గుండ్రటి మచ్చలు రెండు.

"అన్నా, డీజిల్ బండి లక్షన్నర తిరిగిందంటే భయపడకు. ఏడేండ్లల్ల యాభై తిరిగిందంటేనే భయపడాలె" అన్నాడు మేస్త్రీ. అయితే మీటరు వెనక్కి తిప్పి ఉండాలి, లేదా బతుకంతా సిటీలో ఈడ్చి ఉండాలి. రెండూ డీజిలుకు పడవు. లక్షన్నర తిరిగినా హైవే మీద తిరిగి, వేళకు ఆయిల్ మార్పించుకున్న బండి దొరికితే కళ్లకద్దుకోమన్నాడు.

యార్డు చివర డీఎల్ నంబర్ల డీజిల్ బండ్లు వరసగా ఉన్నాయి, అన్నీ ఇంకో లక్ష తక్కువ. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టూ ఒప్పుకుంది. ఆ భయానికే ఎనిమిదేళ్లకే ఇక్కడ దిగుతాయి. మనకా నిబంధన లేదు. కానీ ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ చేతికొచ్చేసరికి ఆ లక్షలో చాలా భాగం ఆఫీసుల చుట్టూనే ఖర్చవుతుంది.

పక్కన టీ తాగుతూ ఓ చిత్తు కాగితం మీద లెక్క వేశాను. అప్పుడు హైదరాబాద్‌లో పెట్రోలు 107 పైచిలుకు, డీజిల్ 95 పైచిలుకు. సిటీలో పెట్రోలు బండి పద్నాలుగు, డీజిల్ బండి పద్దెనిమిది ఇస్తాయనుకుంటే కిలోమీటరుకు రెండు రూపాయల ముప్పై ఐదు పైసలు మిగులు. వాడి ఆరు వందల కిలోమీటర్లకు నెలకు పద్నాలుగు వందలు. డెబ్బై వేల తేడా పూడటానికి నాలుగేళ్ల పైనే. అప్పటికి బండికి పదకొండేళ్లు నిండుతాయి. నెలకు నిజంగా రెండు వేలు తిరిగేవాడైతే అదే తేడా పదిహేను నెలల్లో పూడుతుంది, నేనే టోకెన్ ఇప్పించేవాణ్ని.

"మరి ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారుగా మావయ్యా, మైలేజీ పడిపోతుందంటున్నారు" అన్నాడు. సరైన ప్రశ్నే. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత కార్లలో ఆరేడు శాతం మైలేజీ తగ్గిస్తుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికే ఒప్పుకుంది. పద్నాలుగు పదమూడుకు దిగిందని మళ్లీ వేశాను. నలభై నెలలు. అప్పటికీ ఎక్కువే. పాత పెట్రోలు బండి కొనేవాళ్లు ఇంధన గొట్టాల రబ్బర్లు చూపించుకోవడం మంచిది, ఆ ఖర్చు వేలల్లో పోతుంది. టర్బో, ఇంజెక్టర్లు అంతటితో పోవు.

ఒకే డొక్కులో రెండు రకాల గుండెలు పెట్టడం వల్ల వచ్చే ఇంకో ముప్పు లెక్కల్లోకి రాదు. 2016 దసరాకు ఊరెళ్తూ నకిరేకల్ దాటాక ఓ బంకులో ఆగాను. బండి అప్పగించి టీ కోసం దిగాను, మూత లోపల డీజిల్ అని రాసే ఉంది కదా అని. తిరిగొచ్చి బిల్లు చూస్తే హెచ్‌ఎస్‌డీ అని ఉండాల్సిన చోట ఎంఎస్ అని ఉంది. పెట్రోలు. వెయ్యి రూపాయలది. డీజిల్ ఇంజను పంపుకు డీజిలే నూనె, ఆ జిడ్డు లేని పెట్రోలు వెళితే లోపల ఇనుము ఇనుమును తినేస్తుంది. అదృష్టం, తాళం ఇంకా తిప్పలేదు. బండిని నలుగురం తోసి పక్కన పెట్టి, సూర్యాపేట నుంచి మెకానిక్ వచ్చి ట్యాంకు దించేసరికి మధ్యాహ్నం మూడు. పూర్ణాలు చల్లారిపోయాయి.

మేనల్లుడు పెట్రోలుదే తీసుకున్నాడు. సంక్రాంతికి అందులోనే ఊరికి బయల్దేరాడు. పంతంగి టోల్‌గేటు దగ్గర రెండు గంటలు ఇరుక్కుని, కోదాడ దాటాక ఓ ధాబా దగ్గర ఆగి ఫోన్ చేశాడు. గొంతులో చిరాకు.

"మావయ్యా, లారీని దాటాలంటే చచ్చే చావుగా ఉంది. ఐదుగురం ఉన్నాం, ఏసీ ఉంది, ఎంత తొక్కినా కదలదు. నీ డీజిలే నయం."

"ఏ గేరులో ఉన్నావ్?"

"నాలుగు."

"మూడుకు దించి తొక్కరా. అది అరవాల్సిందే. అమ్మమ్మ చెవిలో దూది పెట్టుకోమను."